57లో ఒకరు, 76లో ఒకరు: రెండు అల్జీమర్స్ కేసుల్లో ఈఈజీ కనెక్టివిటీ

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో కమీషన్ కొట్టు లెక్కలు చూసే 57 ఏళ్ల పురుషుడు ఒకరు. టంగుటూరు పక్క పల్లెలో పొగాకు పండించే ఇంటి పెద్దావిడ, 76 ఏళ్లు, ఇంకొకరు. ఇద్దరికీ చివరికి రాసిన జబ్బు పేరు ఒకటే, అల్జీమర్స్. మరుపు ఎక్కువ ఆమెకు. ఎంఎంఎస్ఈలో, అంటే 30 మార్కుల మతి పరీక్షలో, మార్కులు తక్కువ వచ్చిందీ ఆమెకే. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును గీసే ఈఈజీ, అందులో మెదడు భాగాల మధ్య బంధాన్ని కొలిచే కనెక్టివిటీ మాత్రం ఆయనవే బాగా చెడి ఉన్నాయి. ఈ తిరకాసు ఎందుకొచ్చింది, దాన్ని నమ్మే ముందు ఏమేం అనుమానించాల్సి వచ్చింది అన్నదే ఈ కేస్ స్టడీ. ఇద్దరినీ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాం.

లక్షణాలు 65 ఏళ్లలోపు మొదలైతే ముందస్తు అల్జీమర్స్ అనీ, ఆ తర్వాతైతే వృద్ధాప్య అల్జీమర్స్ అనీ అనడం వాడుక. 65 దగ్గర మెదడులో ఏ గీతా లేదు, అది మనం గీసుకున్నదే. అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన రోగికి అప్పుడు 51 ఏళ్లు. అంటే ఈ జబ్బుకు పేరు తెచ్చిందే చిన్న వయసు కేసు. అయినా "ఈ వయసుకే అదెట్లా వస్తుంది" అన్న మాట ఇళ్లలోనే కాదు, ఓపీల్లో కూడా ఇప్పటికీ వినపడుతుంది.

మొదటి కేసు: కూడిక రాని లెక్కల మనిషి

రెండేళ్లుగా కూడికలు తప్పుతున్నాయి. బస్తాల లెక్క ఒక వరుసలో రాసి మొత్తం ఇంకో వరుస కింద వేస్తున్నారు. గోడ గడియారం చూసి టైము చెప్పలేరు, సెల్లులో అంకెలు చూస్తే చెప్పేస్తారు. పేపరు చదువుతుంటే లైను దాటిపోతుంది. స్కూటరు రెండుసార్లు గేటుకు రాసుకుంది. "ఎవురెంత బాకీనో అంతా నోటి మీదే ఉండాది సార్, కూడికే రావడంలా" అన్నది భార్య. సగం డయాగ్నసిస్ ఆ మాటలోనే ఉంది. ఇంట్లో మాత్రం చూపు మందగించిందనుకున్నారు. ఏడాదిలో అద్దాలు రెండుసార్లు మార్చారు, శుక్లం ఆపరేషన్ దాకా మాట వెళ్లింది. కంటి పరీక్షలో చూపు రెండు వైపులా 6/9. అక్షరాన్ని అక్షరంగా చదువుతారు, గుంపుగా ఉన్న బొమ్మల్లో ఒకదాన్ని విడదీసి చూడలేరు. లోపం కంట్లో లేదు, కంటి నుంచి వచ్చినదాన్ని కూర్చే వెనక మెదడులో ఉంది.

ఎంఎంఎస్ఈ 22/30. పోయిన ఎనిమిదిలో నాలుగు తీసివేతల్లోవి. ఐదు మూలల బొమ్మకు ఒకటి, వాక్యం రాయడానికి ఒకటి, తేదీకి ఒకటి, గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒకటి. గడియారం బొమ్మలో అంకెలన్నీ కుడి సగంలోనే గుమిగూడాయి. ఎమ్మారైలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ దాదాపు నిలిచే ఉంది, అక్కడి తగ్గుదలను 0–4లో కొలిచే ఎంటీఏ రెండు వైపులా 1. నడినెత్తి వెనక ఉండే పెరైటల్ లోబులు స్పష్టంగా తగ్గాయి, ఆ తగ్గుదలను 0–3లో కొలిచే కోడమ్ స్కేలులో 2. తెల్లపదార్థంలో మచ్చలు లేవు. టీఎస్‌హెచ్, బీ12, సోడియం, క్రియాటినిన్, వీడీఆర్ఎల్, హెచ్ఐవీ, ఇలా మతిమరుపుకు వేరే కారణాలు వెతికే రక్తపరీక్షలన్నీ సరే. ఇంట్లో 65 లోపు ఎవరికీ మతిమరుపు రాలేదు కాబట్టి జన్యు పరీక్ష కోసం ఒత్తిడి చేయలేదు. పీఎస్ఈఎన్1, ఏపీపీ లాంటి జన్యువుల వల్ల వచ్చేవి ముందస్తు కేసుల్లో చిన్న భాగమే. తరతరానా చిన్న వయసులోనే కనపడే కుటుంబాల్లో ఆ పరీక్ష అవసరం.

చిత్రమంతా పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీది, అంటే మెదడు వెనక భాగం కుంచించుకుపోవడానిది. దీని కింద ఎక్కువసార్లు ఉండేది అల్జీమర్సే. లూయీ బాడీ జబ్బు, కార్టికో బేసల్ డీజనరేషన్ లాంటి వేరే మెదడు జబ్బులు, అరుదుగా ప్రియాన్ జబ్బు కూడా ఇదే వేషంలో వస్తాయి. నెలల్లో దిగజారుతుంటే ప్రియాన్‌ను తలచుకోవాలి. అప్పుడు ఈఈజీలో సెకనుకొకటి చొప్పున వచ్చే పదునైన అలల కోసమే ముందు వెతకాలి, కనెక్టివిటీ లెక్కలు తర్వాత సంగతి. ఈయనకు రెండేళ్ల చరిత్ర ఉంది, అలాంటి అలలు లేవు.

అందంగా వచ్చి, అబద్ధం చెప్పిన రికార్డింగ్

మొదటి ఈఈజీ రోహిణి కార్తెలో జరిగింది. 19 ఎలక్ట్రోడ్ల టోపీ, సిరంజితో జెల్. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఏసీ ఆగింది. ఇంపెడెన్సులన్నీ, అంటే ఎలక్ట్రోడ్లకూ చర్మానికీ మధ్య కరెంటుకు ఉండే అడ్డు, 3 కిలో ఓమ్‌ల లోపే ఉన్నాయి, టెక్నీషియన్ చూసి మురిసిపోయే అంకెలు. ఆల్ఫా బ్యాండులో, అంటే సెకనుకు 8–13 సార్లు ఊగే లయలో, వెనక భాగపు కోహెరెన్స్ 1కి గాను 0.97 వచ్చింది. జబ్బు మనిషి మెదడులో వైరింగ్ కొత్త ఇంటి కన్నా బాగుందన్నమాట! అదే రికార్డింగులో ఫేజ్ లాగ్ ఇండెక్స్, మనవాళ్లు పీఎల్ఐ అనేది, బాగా తక్కువ వచ్చింది. ఒక కొలత గట్టి బంధం అంటే ఇంకొకటి బంధమే లేదంది.

ఈ రెండు కొలతలు అడిగే ప్రశ్నలు వేరు. రెండు ఎలక్ట్రోడ్ల దగ్గర ఒకే ఫ్రీక్వెన్సీ కలిసి ఎంత నడుస్తుందో కోహెరెన్స్ చెబుతుంది. గుడి మైకులో పాట రెండిళ్లలో ఒకేసారి వినపడినంత మాత్రాన ఆ రెండిళ్ల వాళ్లూ మాట్లాడుకుంటున్నట్టు కాదు. మెదడులో ఒక చోట పుట్టిన విద్యుత్తు పుర్రె, చర్మం గుండా పాకి నాలుగైదు ఎలక్ట్రోడ్లకు ఒకే క్షణంలో చేరుతుంది, కోహెరెన్స్ దాన్ని కూడా బంధంగానే లెక్కేస్తుంది. ఒకరు పిలిచాక కాస్త ఆగి రెండోవాళ్లు పలకడం మాటామంతీ. పీఎల్ఐ వెతికేది ఆ ఆలస్యాన్నే. రెండు తరంగాల ఫేజ్ తేడా, అంటే ఒకటి ఇంకోదానికన్నా ఎంత ముందో వెనకో అన్నది, ఎప్పుడూ ఒకే వైపు ఉంటే 1కి దగ్గరవుతుంది, అటూ ఇటూ సమానంగా ఊగితే 0కి దిగుతుంది. సున్నా ఆలస్యంతో వచ్చినదాన్ని అది లెక్కలోకే తీసుకోదు. 2007లో స్టామ్ బృందం దీన్ని ప్రతిపాదించింది ఈ విద్యుత్ పాకుడు బెడద తగ్గించడానికే.

కోహెరెన్స్ ఆకాశంలో, పీఎల్ఐ నేల మీద ఉంటే మొదట చూడాల్సింది జెల్ వంతెన. చెమట, జెల్ కలిసి పక్కపక్క ఎలక్ట్రోడ్ల మధ్య తడి దారి వేస్తాయి. అప్పుడు రెండు ఎలక్ట్రోడ్లు రెండు కావు, ఒక పెద్ద ఎలక్ట్రోడే. ఇంపెడెన్స్ పరీక్ష దీన్ని పట్టుకోదు సరికదా, అంకె ఇంకా బాగా చూపిస్తుంది. పక్కపక్క ఎలక్ట్రోడ్ల తేడాను గీసే బైపోలార్ మాంటేజ్‌కి మార్చగానే దొంగ దొరికాడు. ఎడమ చెవి వెనక వైపు టీ5, తల వెనక ఎడమ ఓ1, కుడి ఓ2. టీ5–ఓ1 గీత చదును. ఓ1 నుంచి ఓ2ను తీసివేస్తే మిగిలిందీ చదునే. తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లు కాబట్టి ఎలక్ట్రోడ్ల చోట్లు కొలిచే 10–20 పద్ధతిలో ఓ1, ఓ2 మధ్య దూరం 5.4 సెంటీమీటర్లు, టీ5–ఓ1 కూడా అంతే. నూనె జుట్టు మీద జారిన జెల్‌కు అదేం పెద్ద దూరం కాదు. మూడు ఎలక్ట్రోడ్లు ఒకటైపోయాక వెనక భాగపు కనెక్టివిటీ మ్యాపు దేనికీ కొరగాదు. వంతెన పాడుచేయనిది ఒక్కటే, ఆల్ఫా శిఖరం ఏ హెర్ట్జ్ దగ్గరుందన్నది. అది రెండు రోజులూ ఒకేలా వచ్చింది.

ఆ రోజు రికార్డింగు పూర్తిగా పక్కన పెట్టి రెండోది చేయించాం.

రెండోసారి ఎలా చేశాం

ముందు రోజు రాత్రి కుంకుడుకాయతోనో షాంపూతోనో తలంటు, ఆ తర్వాత నూనె చుక్క కూడా వద్దు. పెద్దవాళ్లను ఆస్పత్రికి పంపేటప్పుడు తలకు నూనె రాసి నున్నగా దువ్వి పంపడం మన దగ్గర మర్యాద. ఈఈజీకి ఆ మర్యాదే శత్రువు. ఫోన్లో చెబితే మర్చిపోతారు, అపాయింట్‌మెంట్ చీటీ మీద పెద్దక్షరాలతో రాయాలి. టైము ఉదయం 9, టిఫిన్ తిని రావాలి, రాత్రి మామూలుగా నిద్రపోవాలి.

టోపీ బదులు విడివిడి కప్పు ఎలక్ట్రోడ్లు, గట్టి పేస్టు. ఒక్కో కప్పుకు శనగగింజంత పేస్టు చాలు, అంతకన్నా ఎక్కువ పెడితే నొక్కినప్పుడు పక్కలకు పాకుతుంది. చర్మాన్ని గరుకు జెల్‌తో మూడు నాలుగు సార్లు రుద్దితే ఇంపెడెన్స్ 5 కిలో ఓమ్‌ల లోపుకు వస్తుంది. మరీ 1 కిలో ఓమ్ కోసం ఎర్రగా కందేదాకా రుద్దడం అనవసరం. అన్ని చోట్లా దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఎలక్ట్రోడ్లు పెట్టాక 30 సెకన్లు రికార్డు చేసి పక్కపక్క జంటల తేడా సిగ్నల్ చూడాలి. ఏ జంటలోనైనా తేడా దాదాపు సున్నా అయితే అక్కడ తుడిచి మళ్లీ పెట్టాలి. ఈ ఒక్క నిమిషం పని మొదటి రోజు చేసి ఉంటే రోగికి రెండో ప్రయాణం తప్పేది.

శాంప్లింగ్ సెకనుకు 512. మెషీన్ నుంచి ఈఈజీ డేటా ఉండే ఈడీఎఫ్ ఫైలు బయటికి తీసేటప్పుడు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెర మీద పెట్టిన ఫిల్టర్లతో, తెర మీది రిఫరెన్సుతోనే (ఛానళ్లను దేనితో పోల్చి కొలిచారో దానితోనే) ఫైలును రాసేస్తాయి. చెవుల రిఫరెన్సుతో వచ్చిన ఫైలులో టెంపొరల్ లోబు సిగ్నల్ చెవి ఎలక్ట్రోడ్ గుండా అన్ని ఛానళ్లలోకీ చొరబడుతుంది. అల్జీమర్స్‌లో మనం అనుమానించే లోబే అది! ముడి ఫైలు తీసుకుని సగటు రిఫరెన్సుకు మార్చుకోవాలి. 19 ఛానళ్లతో సగటు రిఫరెన్స్ కూడా పూర్తి నిర్దోషి కాదు, అయినా మిగతావాటి కన్నా నయం. ఇంటి కరెంటు గోల తీసే 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్‌ను విశ్లేషణకు వాడలేదు. మనకు కావలసింది 30 లోపే, దానికి కావలసిన ఫ్రీక్వెన్సీలనే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ చాలు.

కళ్లు మూసుకుని 12 నిమిషాలు. మధ్య మధ్య 10 సెకన్లు కళ్లు తెరిపించాలి. ప్రతి 60–90 సెకన్లకు ఒకసారి "అయ్యా, మెలకువగానే ఉన్నారా?" అని పలకరించి, పలికిన టైము రికార్డులో గుర్తు పెట్టాలి. 8 సెకన్ల ముక్కలు 12 తీసుకున్నాం, అంటే ముక్కకు 4096 శాంపిళ్లు, మొత్తం 96 సెకన్లు. ముక్క పొడవు ఎందుకింత పట్టింపు అంటే, పొట్టి ముక్కల్లో కాకతాళీయంగానే పీఎల్ఐ ఎక్కువ వస్తుంది. ఒకరికి 4 సెకన్లు, ఇంకొకరికి 8 సెకన్లు వాడి పోల్చితే వచ్చే తేడా గడియారానిది. ఫేజులను కలగాపులగం చేసి అదే లెక్కను 200 సార్లు నడిపితే ఈ సెట్టింగులో ఊరికే వచ్చే విలువ 0.13 చుట్టూ తేలింది. అంతకు దరిదాపుల్లో ఉన్న ఏ అంకెనైనా శూన్యం కిందే జమ. లెక్కలకు ఎంఎన్ఈ పైథాన్ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, డబ్బు కట్టనక్కర్లేదు.

కనురెప్పల కదలికలు తీసేయడానికి, కలిసిపోయిన సిగ్నళ్లను కాంపొనెంట్లుగా విడదీసే ఐసీఏ వాడొచ్చు గానీ, 19 ఛానళ్ల రికార్డులో ఒకటి రెండు కాంపొనెంట్లకు మించి తీస్తే మిగిలిన ఛానళ్ల మధ్య లేని బంధాలు పుడతాయి. శుభ్రమైన ముక్కలు ఏరుకోవడమే మేలు. కనిగిరి వైపు నుంచి వచ్చే ఫ్లోరోసిస్ మనుషుల్లో మెడ బిగుసుకుని ఉంటుంది, పడుకోబెట్టినా మెడ కండరం వదలదు. వెనక ఎలక్ట్రోడ్లలో ఆ కండరపు కరెంటు బీటా (13–30 హెర్ట్జ్) బ్యాండును మింగేస్తుంది. మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, అప్పటికీ తగ్గకపోతే 20 హెర్ట్జ్ పైన లెక్కలు వదిలేయాలి.

ఇంకో చిన్న ఏర్పాటు. రోగి వెంట వచ్చిన ఆరోగ్యవంతుడైన దగ్గరి వయసు బంధువుకు, ఒప్పుకుంటే, అదే రోజు అదే టెక్నీషియన్‌తో అదే పద్ధతిలో రికార్డు చేయడం. ఒక్క మనిషి ప్రమాణం కాలేడు, నిజమే. ఆ రోజు యంత్రం, గది, పేస్టు సరిగా ఉన్నాయా అన్నది మాత్రం ఆయన తలే చెబుతుంది. ఈ కేసులో 55 ఏళ్ల తమ్ముడు ఒప్పుకున్నారు.

బ్యాండు ఎక్కడ గీశామన్నదే సగం ఫలితం

తమ్ముడి వెనక భాగపు ఆల్ఫా శిఖరం 9.6 హెర్ట్జ్. అన్నది 7.1. పెద్దవాళ్లలో 8.5 కిందికి వస్తే మామూలు కాదు. కళ్లు తెరిచినా ఆ లయ పెద్దగా తగ్గడం లేదు.

అందరూ వాడే 8–13 బ్యాండులో వెనక–ముందు జంటల సగటు పీఎల్ఐ తమ్ముడికి 0.28, ఈయనకు 0.14. ఇక్కడితో ఆగి "ఆల్ఫా కనెక్టివిటీ సగానికి పడిపోయింది" అని రాసేయొచ్చు, రాసేస్తారు కూడా. నిజానికి 0.14 అంటే ఆ బ్యాండులో ఏమీ దొరకలేదని. దొరకదు మరి, ఆయన లయ 7.1 దగ్గరుంటే 8–13లో వెతికితే ఏముంటుంది? అదే లయ 4–8 తీటాలో 0.19గా తేలి, "తీటా కనెక్టివిటీ పెరిగింది" అన్న రెండో అబద్ధం చెబుతుంది. ఊరు మారిన మనిషిని పాత చిరునామాలో వెతికి, లేడని రాసినట్టు.

అందుకే ఎవరి శిఖరం చుట్టూ వాళ్ల బ్యాండు, శిఖరానికి అటు 2, ఇటు 2 హెర్ట్జ్. తమ్ముడికి 7.6–11.6, అన్నకు 5.1–9.1. ఇప్పుడు 0.29, 0.18. తేడా 0.14 నుంచి 0.11కు తగ్గింది గానీ పోలేదు. మొదట కనపడిన తేడాలో ఐదో వంతు కేవలం లయ నెమ్మదించడం వల్ల, మిగతాది నిజంగా బంధం సడలడం వల్ల. సడలింపు అంతటా సమానంగా లేదు. పెరైటల్ నుంచి ఫ్రాంటల్‌కు, పెరైటల్ నుంచి టెంపొరల్‌కు వెళ్లే జంటల్లో ఎక్కువ, ముందు భాగపు జంటల మధ్య తక్కువ. ఎమ్మారైలో తగ్గిన చోటే ఇక్కడా తెగింది.

7.1 హెర్ట్జ్ వెనక లయ చూడగానే ఇంకో అనుమానం తప్పకుండా రావాలి. లూయీ బాడీ డిమెన్షియాకు 2017 ప్రమాణాల్లో ఈఈజీ వెనక భాగం ఇలా నెమ్మదించి, క్షణక్షణానికీ ఊగులాడటం ఒక ఊతం. ఆ జబ్బులో శిఖరం ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు 1.5 హెర్ట్జ్ పైన కూడా కదులుతుంది. ఈయన 12 ముక్కల్లోనూ 6.9–7.3 మధ్యే ఉంది. లేని మనుషులు కనపడటం, నిద్రలో కేకలు, చేతులు విసరడం, నడక బిగుసుకోవడం ఏవీ లేవు. మెదడు ఏ భాగం ఎంత చక్కెర వాడుతుందో చూపే, చెన్నైలో తీయించిన ఎఫ్‌డీజీ పెట్‌లో రెండు వైపులా పెరైటల్–టెంపొరల్ భాగాలు, పోస్టీరియర్ సింగ్యులేట్ సన్నగిల్లాయి. సింగ్యులేట్ కూడా తగ్గడం అల్జీమర్స్ వైపే మొగ్గు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్, టావ్ ప్రొటీన్ల పరీక్షలు చేయించలేదు కాబట్టి డయాగ్నసిస్ "ప్రాబబుల్" దగ్గరే ఆగింది.

రెండో కేసు: కునుకు, మందు, ఆపైన జబ్బు

నాలుగేళ్ల మరుపు. అడిగిందే అడగడం, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరకడం. కిందటేడు ఊళ్లో గుడి నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోయారు. "మా అత్తయ్య పాత సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతుందండీ, పొద్దున ఏం తిన్నదో అడిగితే మాత్రం తినలేదంటుంది" అన్నారు కోడలు. చదువు 5వ తరగతి. ఎంఎంఎస్ఈ 18. ఇంత తక్కువ చదువున్న వాళ్లకు ఈ అంకెను ముఖం మీద చూసి తీర్పు ఇవ్వకూడదు. తెలుగు సహా అయిదు భారతీయ భాషల్లో ఐసీఎంఆర్ తయారు చేసిన పరీక్షల మాల ఇలాంటి వాళ్లకు పనికొస్తుంది. అందులోనూ ఆలస్యపు జ్ఞాపకం బాగా పడిపోయింది. మాట, బొమ్మ గీయడం చదువుకు తగ్గట్టే ఉన్నాయి. ఎమ్మారైలో ఎంటీఏ రెండు వైపులా 3, కోడమ్ 1, తెల్లపదార్థపు మచ్చల ఫజెకాస్ స్కేలులో 2. బీపీ 15 ఏళ్లుగా.

ఆమెకూ రెండు రికార్డింగులు కావలసి వచ్చాయి, కారణం వేరు. మొదటిది మధ్యాహ్నం అన్నం తిన్నాక జరిగింది. మందుల సంచి తిప్పి చూస్తే కాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, ఏడాదిగా. దానికి తోడు జలుబు వచ్చినప్పుడల్లా మందుల షాపులో అడిగి వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర. రెండూ మెదడులో సందేశాలు మోసే రసాయనం ఎసిటైల్ కోలిన్‌ను అడ్డగించేవే, అల్జీమర్స్‌లో అసలే కరవైనది అదే. బీ12 160 పీకోగ్రాములు, తక్కువే. మందుల సంచిని ఈఈజీకి ముందు తెరవాలి, తర్వాత కాదు.

కాళ్ల మంటలకు బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టి, రెండు మందులూ ఆపి, మూడు వారాలకు పొద్దున పూట మళ్లీ తీశాం. శిఖరం 7.6 నుంచి 8.0కు వచ్చింది. ఎంత మందు వల్ల, ఎంత బీ12 వల్ల, ఎంత నిద్రమత్తు పోవడం వల్ల అన్నది విడదీయలేం. మూడూ ఒకేసారి మార్చాం. రోగికి మేలు, విశ్లేషణకు చేటు. ఇలాంటప్పుడు రోగి వైపే ఉండాలి.

రెండో రికార్డింగులో కూడా 7వ నిమిషం తర్వాత ఆమె కునికారు. కళ్లు నెమ్మదిగా అటూ ఇటూ తేలడం నుదుటికి రెండు పక్కలుండే ఎఫ్7, ఎఫ్8లలో వ్యతిరేక దిశల అలగా కనపడుతుంది. వెనక ఆల్ఫా చెదిరిపోతుంది. ముందు–మధ్య భాగంలో తీటా లేస్తుంది. మెలకువ ముక్కల్లో ఆమె సొంత బ్యాండు పీఎల్ఐ 0.23, తీటాలో 0.16. కునుకు ముక్కల్లో అదే తల, అదే పేస్టు, సొంత బ్యాండులో 0.17, తీటాలో 0.21. అయిదు నిమిషాల కునుకు ఆమెను పొదలకూరు ఆయన పక్కన కూర్చోబెట్టింది. ముసలివాళ్ల ఈఈజీల్లో "కనెక్టివిటీ తగ్గింది" అని వచ్చినప్పుడల్లా, ఆ ముక్కలు ఏ నిమిషంలోవని అడగాలి. వెంట వచ్చిన 72 ఏళ్ల చెల్లెలి విలువ 0.26. అంటే మెలకువలో అక్కకు తగ్గింది కొద్దిగానే, అదీ ఎక్కువగా ఎడమ టెంపొరల్ జంటల్లో.

ఆయనకు ఎక్కువ, ఆమెకు తక్కువ ఎందుకు

తల మీది ఎలక్ట్రోడ్‌కు వినపడాలంటే కార్టెక్స్‌లో చాలా చదరపు సెంటీమీటర్ల మేర నాడీకణాలు ఒకేసారి పలకాలి. హిప్పోక్యాంపస్ లోపల ముడుచుకుని ఉంటుంది, దాని గొంతు పైదాకా రాదు. ఆమె జబ్బు మొదట కూర్చున్నది అక్కడే. జ్ఞాపకం పోయింది, ఈఈజీకి పెద్దగా తెలియలేదు. ఆయన జబ్బు పెరైటల్ కార్టెక్స్‌లో, ఎలక్ట్రోడ్ల కిందనే. ముందస్తు అల్జీమర్స్‌లో, ముఖ్యంగా జ్ఞాపకం కాక చూపు, మాట, లెక్క దెబ్బతినే రకాల్లో, టావ్ నియోకార్టెక్స్ (మెదడు పై పొర) వెనక భాగాల్లో ఎక్కువ పేరుకుంటుంది. కోలినర్జిక్ లోటు, అంటే ఎసిటైల్ కోలిన్ లోటు కూడా చిన్న వయసు వాళ్లలో తీవ్రం. ఆల్ఫా లయను, దూరపు భాగాల మధ్య దాని పొందికను నిలబెట్టేవాటిలో ఎసిటైల్ కోలిన్ ఒకటి. చిన్న వయసు రోగుల్లో ఈఈజీ ఎక్కువ చెడి కనపడటం వేరే చోట్ల జరిగిన పోలికల్లోనూ తేలిన సంగతే.

ఇంకో మామూలు కారణాన్ని మర్చిపోకూడదు. 55 ఏళ్ల ఆరోగ్యవంతుడి ఆల్ఫా బలంగా ఉంటుంది, దాని పక్కన లోటు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 72 ఏళ్ల చెల్లెలి ఆల్ఫాయే కొంత సన్నబడింది, అక్కకూ చెల్లెలికీ మధ్య ఎడం సహజంగానే తక్కువ. దానికి తోడు అక్క తెల్లపదార్థపు మచ్చలు. ఆ 0.03 తేడాలో అల్జీమర్స్ వాటా ఎంతో, బీపీ వాటా ఎంతో పీఎల్ఐ చెప్పలేదు. తేడా అంత చిన్నదైనప్పుడు దాని మీద ఏ నిర్ణయమూ కట్టకూడదు.

మందులు, జాగ్రత్తలు

ఇద్దరికీ ఈఈజీ పూర్తయ్యాకే, ఎసిటైల్ కోలిన్‌ను పెంచే డొనెపెజిల్ మొదలుపెట్టాం. ముందే వేస్తే ఆల్ఫా కొంత వేగం పుంజుకుని మొదటి కొలత చెడుతుంది. ఈసీజీలో నాడి, పీఆర్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం చేరే వ్యవధి) చూశాం. హార్ట్ బ్లాక్, బాగా నెమ్మదైన నాడి ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. 5 మిల్లీగ్రాములతో మొదలు. ఆయనకు ఆరు వారాల తర్వాత 10. ఆమెకు 5 మీదే విరేచనాలు, ఆకలి తగ్గడం కనిపించి అక్కడే ఆపాం. ముందస్తు అల్జీమర్స్‌లో ఫిట్స్, ఒళ్లు ఉలిక్కిపడే కదలికలు ఎక్కువ కాబట్టి ఆయన రికార్డులో మూర్ఛ గుర్తుల కోసం ప్రతి పేజీ చూశాం, లేవు. కుటుంబానికి మాత్రం చెప్పి ఉంచాం.

ఆయన కుటుంబానికి ముందు చెప్పింది స్కూటరు తాళం తీసేయమని. రెండోది, చెక్కుల మీద సంతకం, కొట్టు తూకం ఒంటరిగా చేయనివ్వొద్దని. ఆస్తి పత్రాలు, బ్యాంకు నామినేషన్లు ఆయనకు మంచిచెడ్డలు తెలుస్తున్న ఈ ఏడాదిలోనే చక్కబెట్టుకోవాలి, తర్వాత ఆ సంతకం చెల్లుతుందా లేదా అన్న తగువు మొదలవుతుంది. తెల్లన్నం తెల్ల పళ్లెంలో కనపడదు. స్టీలు పళ్లెం మెరుపు కూడా ఇబ్బందే. ముదురు రంగు పళ్లెం కొనమన్నాం, మెట్ల అంచులకు పసుపు టేపు అతికించమన్నాం. ఆమె ఇంట్లో అవసరాలు వేరు. గ్యాస్ రెగ్యులేటర్ కోడలి చేతిలో, మాత్రలు రోజువారీ డబ్బాలో, మెడలో ఫోన్ నంబరున్న బిళ్ల.

రిపోర్టులో రాసింది, ఏడాది తర్వాత చూసింది

కనెక్టివిటీ మ్యాపు రంగుల్లో ముద్రించి ఇస్తే ఇళ్లలో దాన్ని స్కానింగులా చూపించుకుంటారు. అందుకే మ్యాపు ఇవ్వలేదు. ఆయన రిపోర్టులో: "వెనక భాగపు లయ 7.1 హెర్ట్జ్, ఊగులాట లేదు. మూర్ఛ గుర్తులు లేవు. సొంత బ్యాండులో పెరైటల్ నుంచి దూరపు భాగాలకు ఫేజ్ సంబంధం తగ్గింది. ఎమ్మారై, పెట్‌లతో సరిపోతుంది." ఆమె రిపోర్టులో: "మెలకువ ముక్కల్లో లయ 8.0 హెర్ట్జ్, కొద్దిగా నెమ్మది. కనెక్టివిటీ తేడా నిర్ధారణకు చాలదు. మత్తు కలిగించే మందులు ఆపిన తర్వాతి రికార్డు." కింద ముక్క పొడవు, ముక్కల సంఖ్య, రిఫరెన్స్, బ్యాండు గీసిన తీరు, ఆ రోజు వాడుతున్న మందుల పేర్లు. ఇవి లేకపోతే ఇంకో ఊళ్లో ఇంకొకరు తీసిన రికార్డుతో పోల్చే వీలుండదు.

ఏడాదికి మళ్లీ తీశాం, అదే కప్పులు, అదే ఉదయం 9, డొనెపెజిల్ మోతాదు మూడు నెలలుగా మారకుండా ఉన్నప్పుడు. ఆయన శిఖరం 6.7, సొంత బ్యాండు పీఎల్ఐ 0.16. ఆమె శిఖరం 8.1, పీఎల్ఐ 0.23. ఈలోపు ఆమె మనవడి పేరు మర్చిపోయారు. ఆయన నిమ్మకాయల బాకీలు ఇంకా నోటి మీదే చెబుతున్నారు, సెల్లులో అంకెల టైము మాత్రం చదవలేకపోతున్నారు.